చెరువు నడుమ తాబేలు



పోరుమామిళ్ళ చెరువు మీలో చాలామంది చూసే ఉంటారు. బద్వేలుకు ఉత్తరాన ఉంది. ఈ రోజు ఆ చెరువు గురించి చెబుతాను. దాని కట్ట దగ్గర నిలబెట్టిన రాతిలో ఒక తాబేలు మాట ఉంది, అది ముఖ్యంగా చెప్పాలి.

ఆ చెరువును కట్టించింది భాస్కరుడు. భవదూరుడనీ అంటారు. విజయనగరం బుక్కరాయల కొడుకు. ఉదయగిరిలో ఉండి ఈ సీమను ఏలినాడు. 1369లో వేయించిన శాసనం సంస్కృతంలో ఉంది. దినానికి వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలేదానికి నూరు బండ్లు, రెండేండ్లు పని జరిగిందని అందులో రాసినారు. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ రాయలేదు. ఎప్పుడూ అంతే!

చెరువు ఎక్కడ కట్టాలి? దానికి పన్నెండు అంగాలు ఉండాలంటుంది ఆ శాసనం. గట్టి బంకనేల ఉండాలి. దూరం నుంచి పారివచ్చే మంచినీటి ఏరు ఉండాలి. ఏటిని ఆనుకొని కొండ ఉండాలి. కొండ సందున కట్ట వేయాలి. అది మరీ పొడుగు కాకూడదు, గట్టిగా ఉండాలి. దగ్గర్లో రాయి దొరకాలి. పని తెలిసిన మనుషులు ఉండాలి. పోరుమామిళ్ళలో ఇవన్నీ కుదిరినాయి. మాల్దేవి ఏరు వచ్చే దారిలో కొండకూ కొండకూ నడుమ కట్ట వేసినారు. సగం పని కొండలే చేసి పెట్టినాయి.

తర్వాత ఆరు దోషాలు చెప్పినారు. ఉప్పునేల ఒకటి. ఇద్దరు రాజుల సరిహద్దులో చెరువు ఉండడం ఒకటి. ఎందుకో మీకు నేను చెప్పాల్నా? రెండూళ్ళ పొలిమేరలో చెరువుంటే ఏమవుతుందో చూస్తూనే ఉన్నాం. నీళ్ళు తక్కువై భూమి ఎక్కువైనా దోషమే. నీళ్ళు ఎక్కువై భూమి తక్కువైనా దోషమే. ఇంకొకటి, చెరువు నడుమ తాబేలు వీపు మాదిరి మిట్ట ఉండడం. ఆరోది చివర చెబుతాను.

నీళ్ళ నడుమ మిట్ట ఉంటే చూడ్డానికి బాగుంటుంది కదా, దోషం ఎట్లయింది? కొల్లేరు సంగతి వేరు. అది కృష్ణా గోదావరి నడుమ తనంతట తాను ఏర్పడిన మంచినీటి సరస్సు. అక్కడ మిట్టలను లంకలంటారు. లంకల మీద ఊర్లే ఉన్నాయి. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి అట్లాంటి లంక మీదే ఉంది. ఎక్కువైన నీళ్ళు ఉప్పుటేరులో పడి సముద్రానికి పోతాయి. అక్కడ చిక్కు తెచ్చింది లంకలు కాదు, సరస్సులో మనుషులు వేసిన చేపల చెరువుల గట్లు. 2006లో ప్రభుత్వం ఆ గట్లు చాలా కొట్టించింది.

మన చెరువు అట్లా కాదు. వానాకాలంలో నాలుగు దినాలు ఏరు పారితే, ఆ నీళ్ళు పట్టుకొని పంట చేతికి వచ్చేదాకా సర్దుకోవాలి. మిట్ట ఎంత ఉంటే అంత నీళ్ళు తగ్గినట్టే. మిట్ట చుట్టూ నీళ్ళు పలచగా పరుచుకుంటాయి, ఎండకు తొందరగా ఆవిరైపోతాయి. మిట్టకు అవతల గుంటలో నిలిచిన నీళ్ళు తూముకు రావు. కంటికి కనపడతాయి, మడికి అందవు.

ఇంకో సంగతి. చెరువు కట్టినప్పుడు లేని తాబేలు తర్వాత పుడుతుంది. ఏరు మట్టిని మోసుకొని వస్తుంది. చెరువులో చేరగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ముందే దిగిపోతుంది. సన్నని ఒండ్రు కట్ట దాకా వస్తుంది. ఇసుక దిగిన చోట దిబ్బ లేస్తుంది. దాని మీద సర్కారు తుమ్మ మొలుస్తుంది. కంప వేర్లు వచ్చే ఏటి మట్టిని పట్టుకుంటాయి. దిబ్బ ఇంకా పెరుగుతుంది. ఎండాకాలంలో ఎవరో ఒకరు దాని మీద నాగలి కడతారు. నాలుగేండ్లకు అది ఆయన చేను అవుతుంది. ఆ మీదట చెరువు నిండితే చేను మునిగిందని ఆయనే కొట్లాటకు వస్తాడు!

ఇప్పుడు మీకు లెక్కలు వచ్చినాయి కాబట్టి ఇది వేసి చూడండి. ఎకరా అంటే 43,560 చదరపు అడుగులు. అందులో ఒక్క అడుగు మందం పూడు చేరిందనుకోండి. పోయిన నీళ్ళు 12 లక్షల 33 వేల లీటర్లు. 15 లీటర్ల బిందెతో అయితే 82 వేల బిందెలు. ఆ మట్టి ఎత్తాలంటే, ట్రాక్టరుకు 100 ఘనపుటడుగులు పట్టినా, 435 ట్రిప్పులు దాటుతుంది. మీ చెరువులో ఎన్ని ఎకరాలు పూడిందో మీరే వేసుకోండి.

పూడు మట్టిని పొలాలకు తోలుకోవడం మన పెద్దల కాలం నుంచీ ఉంది. సన్నని ఒండ్రు ఎర్రనేలకు బలం. ఇసుక దిబ్బ మట్టి మాత్రం చేనుకు పనికిరాదు, చేత్తో నలిపి చూసి తోలుకోండి. దగ్గర కదా అని కట్ట మొదట్లో తవ్వొద్దు. అక్కడ గుంట పడితే నీళ్ళు అడుగున దారి చేసుకుంటాయి, కట్ట చెమరుస్తుంది. నేను చివర చెబుతానన్న దోషం అదే. శాసనం దాన్ని అన్నిటికంటే ముందు చెప్పింది.