పై వాటాలో చప్పుళ్లు

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అపార్ట్‌మెంట్లలో చప్పుళ్ల తగాదాల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు నవ్వారు. ఆస్తి హక్కు, కూలి రేట్లు, చట్టసభల్లో వాటా, ఇన్ని సమస్యలుండగా మిక్సీ మోత మీద ప్రసంగమేమిటన్నారు. అడగవలసిన ప్రశ్నే. నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. జవాబు అందులోనే ఉంది.

మేం మూడో అంతస్తులో ఉంటాం. మా పై వాటాలోకి ఒక జంట అద్దెకు దిగారు. రెండు నెలలు గడిచాక, రాత్రి పదకొండు దాటితే పైన చప్పుళ్లు మొదలయ్యేవి. కుర్చీ ఈడ్చినట్టు, బరువైనదేదో కింద పడ్డట్టు, తలుపు ధడాలున వేసినట్టు. నేను తెల్లారగట్ల లేచి పనికి పోవాల్సిన మనిషిని. కొన్ని రాత్రులు ఓర్చుకుని, ఏ రోజు ఎన్ని గంటలకు ఎంతసేపు చప్పుడైందో వివరంగా రాసి అపార్ట్‌మెంటు సంఘానికి కాయితం ఇచ్చాను. సెక్రటరీగారు వాచ్‌మన్ చేత పై వాటాకు నోటీసు పంపారు. లిఫ్టు పక్కన బోర్డు మీద కూడా అంటించారు. చప్పుళ్లు ఆగిపోయాయి. నా ఫిర్యాదు పనిచేసిందని సంతోషించాను.

నెల తర్వాత డాబా మీద బట్టలు ఆరేస్తుంటే ఆ అమ్మాయి పలకరించింది. "ఇప్పుడు నిద్ర పడుతోందా ఆంటీ?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. కాసేపాగి, "నోటీసు వచ్చినప్పటి నుంచీ ఆయన బాత్రూంలోకి తీసికెళ్లి, కుళాయి తిప్పి కొడుతున్నారు. కిందికి వినపడదు కదా" అంది.

చప్పుడు ఆగింది గాని దెబ్బలు ఆగలేదు. ఆమెకు చివరిగా మిగిలిన సాక్ష్యం ఆ చప్పుడే. దాన్ని కూడా నేనే మాన్పించాను.

అప్పటి నుంచి మా సంఘం సమావేశాల్లో వచ్చే ఫిర్యాదులను గమనిస్తున్నాను. పొద్దున్నే మిక్సీ వేస్తున్నారు. పిల్లలు తలమీద పరుగెడుతున్నారు. ఫలానా ఫ్లాట్లో అద్దెకున్న ఉద్యోగపు ఆడపిల్లలు రాత్రిపూట పకపకా నవ్వుతున్నారు. ఇవీ ఫిర్యాదులు. ఏడింటికల్లా బస్సెక్కాల్సిన ఆడమనిషి అయిదున్నరకు పచ్చడి రుబ్బక ఎప్పుడు రుబ్బుతుంది? పిల్లలు గంతులేస్తే వాచ్‌మన్ పిలిచేది తల్లినే, తండ్రిని కాదు. ఒంటరి స్త్రీల విషయంలోనైతే ఫిర్యాదు చప్పుడు మీద మొదలై, ఎవరెవరు వచ్చిపోతున్నారన్న దాకా పోతుంది. అదే ఒక మగవాడు అర్ధరాత్రి భార్యను బూతులు తిడుతుంటే నాలుగు వాటాలకు వినపడుతుంది. దాన్ని ఎవరూ ఫిర్యాదుగా రాయరు. "వాళ్ల ఇంటి విషయం" అంటారు. లేదా టీవీ శబ్దం పెంచుకుంటారు.

సంఘం సభ్యత్వం యజమానులది. చాలా ఇళ్లలో ఫ్లాటు భర్త పేరు మీదే ఉంటుంది కాబట్టి, ఏది గొడవో ఏది కాదో తేల్చేదీ వాళ్లే. సమావేశంలో మనకు దక్కేది టీ కలిపే పని.

చప్పుడు గురించి చట్టం ఏమంటోందో చూద్దాం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు మించకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. పండగ మైకయినా, పెళ్లి డీజే అయినా, పక్కింటి సౌండ్ సిస్టమయినా ఈ నియమాల కిందికే వస్తుంది. నిద్రా, నిశ్శబ్దం మన హక్కులు. ఇంట్లో రోగులుంటే, చంటిపిల్లలుంటే, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లుంటే అది ఎంత అవసరమో మీకు చెప్పక్కర్లేదు.

శబ్ద కాలుష్యం మీద సుప్రీంకోర్టు 2005 జులై 18న ఇచ్చిన తీర్పు గురించి చాలామంది విని ఉంటారు. ఆ కేసు ఎక్కడ మొదలయిందో తక్కువమందికి తెలుసు. పదమూడేళ్ల బాలిక మీద అత్యాచారం జరిగింది. సహాయం కోసం ఆమె పెట్టిన కేకలు పక్కనున్న లౌడ్‌స్పీకర్ల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఈ వార్త ఆధారంగానే ఆ వ్యాజ్యం వేశారు. అంటే ఈ దేశంలో చప్పుళ్ల మీద వచ్చిన అతి పెద్ద తీర్పు ఒక ఆడపిల్ల కేక వినపడకపోవడంతో మొదలయింది. మనం దాన్ని డెసిబెళ్ల తీర్పుగానే గుర్తుపెట్టుకున్నాం.

మరి విన్నవాళ్లు ఏం చేయవచ్చు? మనకు అలవాటైన 498ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. దాని కింద కేసు కావాలంటే బాధితురాలు గాని, ఆమె బంధువులు గాని ముందుకు రావాలి. 2005 నాటి గృహహింస చట్టం అలా కాదు. దాని నాలుగో సెక్షన్ ప్రకారం, హింస జరిగిందనో, జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ కేసు గాని క్రిమినల్ కేసు గాని ఉండదు. పొరుగువారికి ఇంతకంటే భరోసా ఏం కావాలి?

చట్టం దాకా వెళ్లే ముందు చేయగలిగింది ఇంకొకటి ఉంది. 2008లో బ్రేక్‌త్రూ అనే సంస్థ "బెల్ బజావో" అని ప్రచారం నడిపింది. పక్కింట్లో కొడుతున్న చప్పుడు వినిపిస్తే వెళ్లి బెల్లు కొట్టమన్నారు, అంతే. గిన్నెడు పాలు కావాలన్నా సరే, ఇంకేదన్నా సరే. బయట ఒకరు వింటున్నారని లోపలివాడికి తెలియాలి. ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ప్రాణాపాయం అనిపిస్తే ఆలోచించకుండా 112కి ఫోన్ చేయండి. మామూలప్పుడు మాత్రం ఆమెతో విడిగా మాట్లాడకుండా అడుగు వేయకండి. మనం ఇచ్చిన ఫిర్యాదుకు ఆ రాత్రి దెబ్బలు తినేది ఆమె. నేను చేసిన పొరపాటు అదే.

మామూలు చప్పుళ్ల విషయంలోనూ ఇదే పద్ధతి. ముందు తలుపు తట్టి మాట్లాడండి. వాచ్‌మన్ చేత కబురంపకండి. ఆ ఇంటి పనివేళలు కనుక్కోండి. మిక్సీ కింద మందపాటి గుడ్డ వేసుకోవడం, కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేసుకోవడం లాంటి వాటితో సగం తగాదాలు తీరతాయి. తీరకపోతే కాయితం రాయండి. సంఘం నియమావళిలో వేళలు రాయించండి. ఆ వేళలు నిర్ణయించే సమావేశంలో అద్దెకున్నవాళ్లూ, ఆడవాళ్లూ కూర్చునేలా పట్టుబట్టండి.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. విషయం బయటపడ్డాక మా సంఘం పెద్దలు ఏమన్నారో తెలుసా? "ఓనరుకు చెప్పి ఖాళీ చేయించేద్దాం, ఇక్కడ సంసారులుంటారు" అన్నారు. ఖాళీ చేయిస్తే మనకు పీడ వదులుతుంది. ఆమె మాత్రం ముఖం ఎరిగినవాళ్లు ఒక్కరూ లేని మరో ఫ్లాటుకు పోతుంది. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు గృహహింస చట్టమే ఇచ్చిందని, పదిహేడో సెక్షన్ చూడమని గట్టిగా వాదించాం. మేం నలుగురు ఆడవాళ్లం నిలబడ్డాక వెనక్కి తగ్గారు. ఆమె సరేనన్నాకే 181కి ఫోన్ చేశాం. రక్షణాధికారి వచ్చి, జరిగినదంతా తేదీలతో సహా చెప్పమన్నారు. ఆమెకు తేదీలు గుర్తు లేవు.

నేను ఇంటికెళ్లి నా ఫిర్యాదు నకలు తెచ్చాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు, అన్నీ అందులో ఉన్నాయి. నా నిద్ర కోసం రాసుకున్న ఆ కాయితాన్ని ఆమె నివేదికతో జతపరిచారు. కేసు నడుస్తోంది. ఆమె అదే వాటాలో ఉంటోంది. భర్త లేడు, ఉద్యోగానికి వెళ్లి వస్తోంది. తెల్లారగట్ల అయిదింటికి మిక్సీ వేస్తుంది. నాకు మెలకువ వచ్చేస్తుంది. నేను ఫిర్యాదు చేయలేదు.