ఉద్యోగాన్వేషణము – బంతియాట
(బోథ్ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదేండ్లకు పైగా బడిలో వ్యాకరణము చెప్పి విశ్రమించినవాడను. అట్టి నేను సెల్‌ఫోనులో కొలువు వెదకుటను గూర్చియు, ఫుట్‌బాలును గూర్చియు మాటాడుట విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ఈ రెండింటికిని నాకు సంబంధ మెట్లు కలిగెనో మొదట విన్నవించెదను.

2022 డిసెంబరు 18వ తేదీ రాత్రి మా యింటి పిల్లలందఱు ఫోనుముందు గుమిగూడియుండిరి. ఖతారు దేశమున లుసైల్ మైదానములో అర్జెంటీనా, ఫ్రాన్సు జట్లు ప్రపంచకప్పునకై తుదిపోరు సలుపుచుండెను. "కొలువు లేనివాని కీ యాట లేల?" యని నా మనుమని గద్దించితిని. అప్పుడు మూల గూర్చుండిన నా తమ్ముని కుమారుడు మెల్లగా "పెద్దబాపూ, జర సూడనియ్యి. ఆ మెట్ల కింద సెంట్రింగు చెక్క కొట్టినోళ్లల్ల నేనూ ఉన్న" అనెను. నాకు నోట మాట రాలేదు.

వానిది మన వడ్రంగపు చేయి. ట్రాక్టరులు వచ్చినపిదప నాగళ్లు చేయించువారు కరవై, 2018లో నొక దళారిని నమ్మి రు. 1,20,000 కట్టి ఖతారునకు బోయెను. ఆ యప్పుపత్రము వ్రాసినది ఈ చేయియే. నమోదైన ఏజెంటు తీసికొనదగిన రుసుము, పన్ను గాక, రు. 30,000లకు మించరాదని యానాడే నిబంధన యుండెను. అట్టి ఏజెంట్ల పట్టిక 'ఈ-మైగ్రేట్' అను కేంద్రప్రభుత్వపు వెబ్‌సైటులో నెల్లరకు గనబడుచునే యుండెను. శబ్దముల సాధుత్వమును జీవితమంతయు పరీక్షించిన నేను ఆ దళారి సాధుత్వము నొక్క పూట పరీక్షింపనైతిని. వాని మొదటి రెండేండ్ల కష్టము అప్పునకును వడ్డికిని చెల్లెను. నా తప్పును సభలో జెప్పుట దానిని గడుగుకొనుటకు గాదు. మీ యిండ్లలో నది జరుగకుండుటకు.

'ఉద్యోగ' మనగా సంస్కృతమున ప్రయత్నమని యర్థము. భారతమందలి ఉద్యోగపర్వములో నెవ్వరికిని నెలజీతము లేదు. తెలుగున మన మా పేరు కొలువునకు బెట్టుకొని, ప్రయత్నించుచున్నవానిని "ఉద్యోగము లేనివా" డనుచున్నాము. నిజమునకు వానికున్నదే యుద్యోగము.

పిల్లలకు నే జెప్పునది కొంచెమే. కొలువుల కమిషనువారి వెబ్‌సైటులో పేరు నమోదు చేయునపుడు పదవతరగతి మెమోలో నున్న యక్షరములనే వ్రాయుడు. ఒక్క యక్షరము తేడాయైనను పత్రములు సరిచూచునాడు చిక్కు వచ్చును. 2015లో నేర్పడిన నేషనల్ కెరీర్ సర్వీసునందు పేరు వ్రాయించుకొనుటకు రుసుము లేదు. కొలువిచ్చుటకు ముందే డిపాజిట్టడిగినవాడు మోసగాడు. మోసపోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయుడు. విహారపు వీసాపై కూలికి బోవలదు. ఒడంబడికను తెలుగున జదివించుకొనక సంతకము చేయవలదు.

ఇక బంతియాట మాట. మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిచే నాబోటి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము నందెను. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మొదటి యాటయందే దక్షిణకొరియా చేత 0–2 గా నోడెను. ఆ జట్టే తుదిపోరున ఆ కొరియానే 2–1 గా గెలిచి స్వర్ణపతకము దెచ్చెను. అప్పటికే రహీము గారిని క్యాన్సరు పీడించుచుండెను; మరుసటి యేడు జూన్‌లో నాయన గతించెను. 2022లో అర్జెంటీనాయు మొదటి యాటలో సౌదీ అరేబియా చేత నోడియే తుద కప్పు నెత్తెను.

2022 అక్టోబరు 16న జరిగిన గ్రూప్-1 ప్రాథమికపరీక్ష ప్రశ్నపత్రము బయటపడుటచే రద్దయ్యెను. 2023 జూన్ 11న మరల జరిగినది న్యాయస్థానపు తీర్పుచే రద్దయ్యెను. నా మనుమడు రెండింటికిని గూర్చుండినవాడే. పెండ్లిపేరంటములకు రాడయ్యెను. "ఏం జేస్తున్నవ్ బిడ్డా?" యను బంధువుల ప్రశ్నకు వెఱచి తలుపు మూసికొనెడివాడు. ఆట యున్న రాత్రి మాత్రము వెలుపలికి వచ్చి నలుగురి నడుమ గూర్చుండి కేకలు వేసెడివాడు. వానిని మనుష్యులలో నిలిపినది నా నీతిబోధ గాదు, ఆ బంతియే. ఆ రాత్రి నేను గద్దించి వాని నున్న యొక్క వాకిటినుండియు దఱుముచుంటినని తరువాత దెలిసినది.

కావున నాది యొక విన్నపము. పోషకమహాశయులు సంఘభవనమునకు ఒక కంప్యూటరును, ఇంటర్నెట్టును సమకూర్తురు గాక. ప్రతి యాదివారము నేనచట గూర్చుండి పిల్లల దరఖాస్తులలో నక్షరములు సరిచూచెదను. కంప్యూటరెఱిగిన యువకు డొకడు తోడుండవలయును. గల్ఫునకు బోవువారి కాగితములు అచటనే సరిచూడబడవలయును. పని ముగిసినపిదప అదే తెరపై ఆట పెట్టుదము. నా తమ్ముని కుమారుడు చూపుటకును, నా మనుమడు చెప్పుటకును సిద్ధముగా నున్నారు. నాకింకను ఆఫ్‌సైడు నియమము బోధపడలేదు. వారివద్ద శిష్యుడనై నేర్చుకొనెదను.