కాలువ సర్కారుది, కావలి రైతుది



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వారికి కృష్ణ కాలువలను గూర్చి మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బారేజి దాని స్థానమున నిలిచిన తరువాతను, ఈ పడమటి డెల్టా బ్రదుకు ఆ నీటిమీదనే నడచుచున్నది. అయితే ఆ కాలువ, ఆ తూము, ఆ షట్టరు ఎవరి సొత్తు? ఎవరి చేతిలో నున్నవి? ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఒకటి కాదు.

1997 నాటి చట్టము కాలువల నిర్వహణమును నీటి వినియోగదారుల సంఘముల కప్పగించినది. సొత్తు మాత్రము ప్రభుత్వమునదే. నీటి తీరువా వాటాగా, గ్రాంటుగా వచ్చిన సొమ్ముతో సంఘము క్రొత్త షట్టరు పెట్టించినను అది సంఘమునకు సొంతము కాదు, అధ్యక్షునికి అసలే కాదు.

తన పరిధిలో ఏమేమి కలవో జాబితా వ్రాసి యుంచవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. పూడిక తీసిన బిల్లులు భద్రముగా దాచెదరు. జాబితా ఎవరికిని గుర్తుండదు. ఏ తూమునకు ఎన్ని షట్టర్లని అడిగినచో "లస్కరుకు తెలియునండీ" అందురు. లస్కరు పని మానిన నాడు ఆ జాబితాయు ఆయనతో ఇంటికి పోవును!

ఎగువ షట్టరు ఒకటి పాత ఇనుము క్రింద తూకమునకు పోయినదనుకొనుడు. ఎగువ రైతునకు నష్టమేమి? ఆయన చేనికి నీరు ఇంకను ధారాళముగా పారును. నిజాంపట్నం వైపు చివరి మడికి నీరందదు. నాట్లు వెనుకబడును, ఉప్పునేలలో మంచినీరు చాలక నారు ఎఱ్ఱబారును.

కాబట్టి ఒక పుస్తకము పెట్టుడు. వస్తువు, ఉన్నచోటు, వచ్చిన యేడు, ఏ పద్దు సొమ్ము, ఇప్పటి స్థితి వ్రాయుడు. వస్తువుమీద రంగుతో అంకె వేయుడు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు షట్టర్లు అడుగుదాక కనబడును. ఎగువ రైతు ఒకరు, చివరి రైతు ఒకరు కలిసి నడచి సరిచూడవలెను. ఒక్కరే పోయిన లెక్కను మేము నమ్మము.

కేంద్ర ప్రభుత్వపు గ్రాంటు విషయమున 2017 నాటి ఆర్థిక నియమములు మరింత కఠినము. ఆ సొమ్ముతో కొనిన ఆస్తిని ముందుగా అనుమతి పొందక అమ్మరాదు. సొమ్ము వినియోగమైనట్లు ధ్రువపత్రము ఆర్థిక సంవత్సరము ముగిసిన 12 నెలలలో పంపవలెను. తుప్పుపట్టిన షట్టరునైనను ఇంజనీరునకు చూపి, తీర్మానము వ్రాసి, అనుమతి వచ్చిన పిమ్మటనే వేలమునకు పెట్టుడు. అధ్యక్షుడు మారిన నాడు పాతవారు, క్రొత్తవారు ఆ పుస్తకముతో గట్టువెంట నడచి, ప్రతి పుటమీదను ఇరువురును సంతకము చేయవలెను.