ఇంధనం మోయని వ్యోమనౌక

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రవేత్తను కాను. జమాఖర్చుల రిజిస్టర్లు రాసి రిటైరైన గుమాస్తాను. అయినా ఈ విషయం ఎంచుకోవడానికి కారణం ఉంది. చుక్క ఇంధనం లేకుండా అంతరిక్షంలో పరుగెత్తే ఇంజను వచ్చేసిందని మన మనవలు ఫోన్లలో చూపిస్తుంటారు. అందులో ఏది నమ్మాలో తేల్చుకోవడానికి మన పాత ఆఫీసు పద్ధతే చాలునని నా మనవి.

పడవలోంచి ఒడ్డుకు దూకితే పడవ వెనక్కి పోతుంది. రాకెట్టు కూడా అంతే. వాయువును వెనక్కి చిమ్మి తాను ముందుకు పోతుంది. దీని వెనుక ఉన్నది ద్రవ్యవేగ నిత్యత్వ నియమం. ఒక ఖాతాలో జమ పడితే మరో ఖాతాలో ఖర్చు పడి తీరాలి.

చిక్కేమిటంటే, ఆ చిమ్మే పదార్థాన్ని వెంట మోసుకుపోవాలి. అది అయిపోతే ఉపగ్రహం ఆయుష్షు తీరినట్లే. మన ఇన్సాట్‌-1ఎ సంగతి మీలో కొందరికి గుర్తుండవచ్చు. 1982 ఏప్రిల్‌లో ప్రయోగించారు. సౌర ఫలకాలు ఒక పక్కనే ఉన్నాయి. ఎండ తోపుకు ఉపగ్రహం తిరిగిపోకుండా రెండో పక్క ఒక తెరచాప అమర్చారు. అది విచ్చుకోలేదు. ఇతర ఇబ్బందులూ తోడై, నిలకడ కోసం వాడే ఇంధనం కాస్తా అయిపోయింది. సెప్టెంబరులో దాన్ని వదులుకోవలసి వచ్చింది. 1983 ఆగస్టులో వెళ్ళిన ఇన్సాట్‌-1బి ఏళ్ళ తరబడి మనకు దూరదర్శన్ చూపించింది.

ఎండ తోపు అన్నాను. వెలుతురు నిజంగానే తోస్తుంది. తోకచుక్క తోక సూర్యుడికి ఎదురుదిక్కున ఉండడం చూసి 17వ శతాబ్దంలోనే కెప్లర్ దీన్ని ఊహించాడు. 1873లో మాక్స్‌వెల్ లెక్క కట్టాడు. రష్యాలో లెబెదెవ్ దాన్ని కొలిచి 1901లో ఫలితాలు ప్రచురించాడు.

ఆ బలం ఎంత? భూమి ఉన్న దూరంలో, ఒక చదరపు మీటరు అద్దం మీద సుమారు 9 మైక్రోన్యూటన్లు. అంటే దాదాపు ఒక మిల్లీగ్రాము బరువంత. నవ్వు రావచ్చు. కాని అక్కడ గాలి అడ్డు లేదు, తోపుకు విరామం లేదు. చిల్లర కూడబెట్టినట్లు వేగం పెరుగుతుంది. 2010లో జపాను వారి ఇకారోస్ 14 మీటర్ల చదరపు తెరచాపతో వెళ్ళి, డిసెంబరులో శుక్రగ్రహాన్ని దాటింది. ఆ తెర మందం 7.5 మైక్రాన్లే. 2019లో ప్లానెటరీ సొసైటీ వారి లైట్‌సెయిల్‌-2, 32 చదరపు మీటర్ల తెరతో, ఎండ తోపుతోనే తన కక్ష్యలోని ఎత్తైన బిందువును ఇంకా పైకి జరుపుకుంది. ఇక్కడ పద్దు సరిపోయింది. తెర మీద పడి తిరిగిపోయిన వెలుతురే ఎదురు పద్దు.

ఇక రెండో రకం. బ్రిటన్ ఇంజనీరు రోజర్ షాయర్ ప్రతిపాదించిన ఎమ్‌డ్రైవ్. మూతలు బిగించిన రాగి శంకువులో మైక్రోవేవ్‌లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. బయటికి ఏదీ పోదు, అయినా ముందుకు తోస్తుందన్నారు. బస్సులో కూర్చుని ముందు సీటును ఎంత తోసినా బస్సు కదులుతుందా? 2016లో నాసా పరిశోధకులు కొందరు కొద్దిపాటి తోపు కనిపించిందని వ్యాసం ప్రచురించారు. జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో తాజ్‌మార్ బృందం జాగ్రత్తగా కొలిచి 2021లో తేల్చింది. వేడికి పరికరాలు వ్యాకోచించి కొలత మారింది. అమరిక మార్చగానే తోపు మాయమైంది.

"గొడ్డార్డ్‌నూ ఇలాగే ఎగతాళి చేశారు కదా" అని అడగవచ్చు. నిజమే. శూన్యంలో రాకెట్టు పనిచేయదని 1920లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. 1969 జూలైలో, అపోలో-11 చంద్రుడి దారిలో ఉండగా, సవరణ వేసింది. కాని గొడ్డార్డ్ పద్దు మొదటినుంచీ సరిపోతూనే ఉంది. పొరపాటు పత్రికది.

ఇదంతా మనకెందుకు? నీళ్ళతో నడిచే ఇంజను అనీ, కూర్చున్నచోట సొమ్ము రెట్టింపు అనీ మన గ్రాట్యుటీ మీద కన్నేసి వచ్చేవారు ఉన్నారు. వారిని ఒక్కటే అడగండి: "బాబూ, ఎదురు పద్దు ఎక్కడ?" అది చూపిస్తే లాభం మిల్లీగ్రామంతే అయినా ఆలోచించవచ్చు. చూపించలేకపోతే చెక్కు మీద సంతకం పెట్టకండి. ఇంటికి వెళ్ళి మనవలకూ ఈ ప్రశ్న నేర్పండి.