అన్యదేశమున అల్పభాష
(మచిలీపట్టణమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పరభాషతోడి వ్యవహారము మన బందరువారికి క్రొత్త కాదు. 1611వ సంవత్సరమున ఆంగ్లేయ వర్తకు లీ రేవున దిగిరి. నాటి బేరసారములకు దుబాసీలే ఆధారము. ద్విభాషియే దుబాసి. ఇరుపక్షముల లాభనష్టములును రెండు భాష లెరిగిన యాతని నాలుకపై నుండెడివి. పిమ్మట, 1942 నాటి యుద్ధమునకు పూర్వము, మన కోస్తా జిల్లాల శ్రామికులు వేలకొలదిగ రంగూనునకు పోయిరి. బర్మాభాష రాని కూలికి మేస్త్రీయే నోరు, మేస్త్రీయే చెవి. కూలిడబ్బును తరచు వాని చేతిమీదుగనే వచ్చెడిది. భాష లేనివాడు పరాధీనుడగు నని చెప్పుటకు వేరు సాక్ష్య మేల?

నేడు మన గుడివాడ, దివిసీమ ప్రాంతముల బిడ్డలు ఆంగ్లము చెల్లని దేశములకును పోవుచున్నారు. మా అమ్మాయి ఉద్యోగరీత్యా మెక్సికో దేశమున గ్వాదలహారా నగరమున కాపురమున్నది. అచటి భాష స్పానిషు. నేను ప్రయాణమునకు ముందు 2 నెలలు ఆ భాషను చదివితిని. సంస్కృతము చదివినవానికి అది మిక్కిలి ముచ్చట గొలుపును. దోస్, త్రెస్, సియెతె, దియెస్ అను సంఖ్యలు మన ద్వి, త్రి, సప్త, దశ శబ్దములకు దూరపు చుట్టములు. గౌరవార్థకమైన ఉస్తెద్ శబ్దమునకు, భవచ్ఛబ్దమునకు వలెనే, ప్రథమపురుష క్రియ చేరును. క్రియాంతమే పురుషను దెలుపును గాన "నేను" అను పదమును మనవలెనే వారును విడిచెదరు. ఇవన్నియు నెరిగితినని నాకు గర్వము కలిగెను.

ఒకనాటి రాత్రి అల్లుడును అమ్మాయియు పనిమీద నుండగా నా మనుమరాలికి జ్వరము వచ్చెను. అచట అనేక ఔషధశాలల ప్రక్కనే చిన్న వైద్యశాల యుండును. బిడ్డ నెత్తుకొని పోయి "ఫియెబ్రే" అంటిని. జ్వర మని యర్థము. వైద్యురాలు దయగల తల్లి. కాని ఆమె పలుకులు కృష్ణ వరదవలె వచ్చెను. తెలియలేదని చెప్పుటకు సిగ్గుపడి, ప్రతి ప్రశ్నకును "సీ, సీ" యని తల యూపితిని. ఆమె మందు వ్రాసి కాగితము నా చేతి కిచ్చెను. అందు "పెనిసిలినా" అను మాట కంటబడెను. ఆ మందు మా బిడ్డకు సరిపడదు! "నో, నో" యని కేక వేసితిని. ఆమె నిర్ఘాంతపోయి, కాగితము చింపి, వేరొక మందు వ్రాసెను. మొదట ఆమె అడిగినది ఆ మందు ఈయవచ్చునా యనియే. నేను సరే యంటిని.

తెలియనిచో అడుగు డని 35 ఏండ్లు పిల్లలకు బోధించినవాడను. ఆ రాత్రి నేనే అడుగలేకపోయితిని.

కావున పరదేశమునకు పోవువారు మొదట నేర్వవలసినది నమస్కారవాక్యము కాదు. "నో ఎంతియెందో", అనగా "నాకు తెలియలేదు". రెండవది "మాస్ దెస్పాసియో", "ఇంకను మెల్లగా". పిదప వ్రాసి చూపుమని సైగ చేయవలెను. చెవికి అందని మాట కంటికి అందవచ్చును. సరిపడని మందులు, రక్తవర్గము, ఇంటి చిరునామా ఆ దేశభాషలో వ్రాయించిన కాగిత మొకటి ఎల్లపుడును జేబులో నుండవలెను. తప్పులతో మాటలాడుట అవమానము కాదు. తెలిసినట్లు తల యూపుటయే ప్రమాదము.

పోషకమహాశయులారా! మన బిడ్డల విదేశప్రయాణములకు వేలు, లక్షలు వెచ్చించుచున్నాము. మన సంఘభవనమున సాయంకాలము 2 నెలల భాషాతరగతి నడపుట కెంత వ్యయమగును? గురువుకు వేతనమును, దీపపు ఖర్చును చాలును. ఆ ధర్మకార్యమునకు ఈ సభయందే పూనుకొందురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.

స్వస్తి.