దూడ పోలికలు - పాల దిగుబడి

(సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు రైతులు తరచు అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "వరుసగా మూడు ఈతలూ దున్నదూడలే వేసిందండీ, ఈ గేదెను అమ్మివేయమంటారా?" వద్దని నా సమాధానం. ఎందుకో మనవి చేస్తాను.

గేదె శరీర కణంలో 50 క్రోమోజోములు, అనగా 25 జతలు ఉంటాయి. వంశ లక్షణాలను మోసే జన్యువులు ఉండేది వీటిలోనే. ప్రతి జతలోనూ ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి దూడకు వస్తుంది. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. దున్నపోతు వీర్యకణాలలో సుమారు సగం ఎక్స్, సగం వై. ఎక్స్ కలిస్తే పెయ్య, వై కలిస్తే దున్న. కనుక దోషం గేదెది కాదు. ఇది నాణెం ఎగురవేయడం వంటిది. మూడుసార్లు ఒకే వైపు పడినంత మాత్రాన పాడిగేదెను సంతకు తోలితే నష్టం మనదే.

"ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అంటాము. కాని దూడలో సగం వంశం తండ్రిది. తండ్రి పాలివ్వదు గనుక ఆ సంగతి మరచిపోతాము. వీధిలో తిరిగే దున్నపోతు తల్లి ఎన్ని పాలిచ్చిందో ఎవరికి తెలుసు? పైగా ఏళ్ళ తరబడి ఒకే దున్నపోతు ఊళ్ళో ఉంటే తన కూతుళ్ళనే దాటుతుంది. అప్పుడు చాటున ఉన్న చెడ్డ జన్యువులు రెండు వైపుల నుండి కలిసి, బలహీనమైన దూడలు, సకాలంలో చూలు నిలవని పడ్డలు బయలుదేరుతాయి.

నాటు గేదెకు మేలైన ముర్రా వీర్యం వేయిస్తూ పోతే మొదటి తరం పెయ్యలో సగం, రెండవ తరంలో ముప్పాతిక, మూడవ తరంలో నూటికి 87 పాళ్ళకు పైగా ముర్రా రక్తం ఉంటుంది. ఎద ఉదయం కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం సూది వేయించండి. గేదెలలో మూగ ఎద ఎక్కువ. 21 రోజులకు మళ్ళీ ఎద కనిపించలేదని నిశ్చింతగా ఉండక, రెండు మూడు నెలలకు చూడి పరీక్ష చేయించండి.

ఇక క్లోనింగ్ సంగతి. 1996లో స్కాట్లండులోని రోస్లిన్ సంస్థలో, ఒక గొర్రె పొదుగు కణపు కేంద్రకాన్ని మరో గొర్రె ఖాళీ అండంలో పెట్టి డాలీని పుట్టించారు. 277 అండాలతో ప్రయత్నిస్తే బ్రతికి బట్టకట్టింది అదొక్కటే. మన కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన క్లోన్ గేదెదూడ కొద్ది రోజులకే చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో గరిమ పుట్టింది. క్లోనింగ్ ఉన్నదానికి నకలు తీస్తుంది. జన్యు ఇంజనీరింగ్ అయితే జన్యువునే మారుస్తుంది. మనిషి జన్యువు చేర్చిన మేకల పాల నుండి తీసిన రక్తం గడ్డకట్టకుండా చేసే మందుకు 2009లో అమెరికా అనుమతి ఇచ్చింది.

ఇవన్నీ గొప్ప సంగతులే. కాని మన కొట్టంలో పాలు పెరగడానికి అవి అక్కరలేదు. మంచి విత్తనం, పచ్చిమేత, దాణా, శుభ్రమైన నీరు చాలును. జన్యువు ఇచ్చేది శక్తి మాత్రమే. మేత లేనిదే ఆ శక్తి పాలై రాదు.

చివరగా ఒక్క విన్నపం. సూది వేయించిన ప్రతిసారీ తేదీ, దున్నపోతు నంబరు అడిగి సంఘం రిజిస్టరులో వ్రాయించండి. రేపు మీ పెయ్య ఎదకు వచ్చినప్పుడు అదే నంబరు వీర్యం మళ్ళీ పడకుండా కాపాడేది ఆ ఒక్క వరుసే. సెలవు.