రొమ్ము క్యాన్సర్: టామాక్సిఫెన్ గోలీ జీన్‌ను ఎట్లా బంద్ చేస్తుంది?

కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చాలామంది అడిగే ప్రశ్న ఇది: "అమ్మకు ఆపరేషన్ అయింది. గడ్డ లేదు, నొప్పి లేదు. ఇంకా 5 ఏండ్లు ఈ గోలీ ఎందుకు?" జవాబు బయాప్సీ రిపోర్టులోనే ఉంది. అందులో ‘ఈఆర్ పాజిటివ్’ అని ఉంటే ఈ ఎపిసోడ్ మీ కోసమే.

ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ రిసెప్టర్. కణం లోపల ఉండే ప్రొటీన్. ఈస్ట్రోజెన్ హార్మోన్ అతుక్కోగానే పోయి డీఎన్‌ఏ మీద కూర్చుంటది.

సిరిసిల్లలో నూలు కండెలు చూసే ఉంటరు. డీఎన్‌ఏ కూడా హిస్టోన్లు అనే ప్రొటీన్లకు అట్లనే చుట్టుకొని ఉంటది. పోగు వదులైతే కణం ఆ జీన్‌ను చదువుతుంది, అంటే ఆన్. బిగిస్తే చదవలేదు, ఆఫ్.

ఈస్ట్రోజెన్ ఉన్నప్పుడు రిసెప్టర్ పోగును వదులు చేసే ప్రొటీన్లను పిలుస్తది. కణాన్ని పెంచే జీన్లు ఆన్ అయితయి. అదే సమయంలో వేరే జీన్లను ఆఫ్ కూడా చేస్తది. ల్యాబ్‌లో పెంచే ఎంసీఎఫ్-7 క్యాన్సర్ కణాల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో, ఈస్ట్రోజెన్‌కు స్పందించిన జీన్లలో దాదాపు 70 శాతం తగ్గినవే. పెరుగుదలను ఆపేవి, కణం చనిపోయేట్టు చేసేవి వాటిలో ఉన్నయి.

ఇప్పుడు గోలీ సంగతి. టామాక్సిఫెన్ పోయి ఈస్ట్రోజెన్ జాగాలో కూర్చుంటది. రిసెప్టర్ ఆకారం మారుతది. అప్పుడు అది పిలిచేది ఎన్‌కోర్, ఎస్‌ఎంఆర్‌టీ అనే కోరిప్రెసర్లను. వాటి వెంట హెచ్‌డీఏసీ అనే ఎంజైమ్ వస్తది. హిస్టోన్ల మీది ఎసిటైల్ ముక్కలను అది తీసేస్తే పోగు బిగుస్తది. పెంచే జీన్ బంద్.

కానీ జీన్ ఎక్కడికీ పోలేదు, అక్కడనే ఉంది. గోలీ మానేస్తే ఈస్ట్రోజెన్ మళ్ళీ తన జాగాకు వస్తది. ఎక్కడన్నా మిగిలిన క్యాన్సర్ కణం ఉంటే మళ్ళీ పెరగొచ్చు. 2011లో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం, ఈఆర్ పాజిటివ్ ఉండి సుమారు 5 ఏండ్లు వాడినవాళ్లలో, 15 ఏండ్ల దాకా రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గినయి. ఈఆర్ నెగెటివ్ అయితే ఈ గోలీతో ఫాయిదా లేదు.

ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి సుమారు 300 కిలోమీటర్లు. ప్రతిసారీ పోవుడు కష్టమే. అందుకే గోలీలు అయిపోకముందే డాక్టర్‌ను అడిగి ముందుగాల తెచ్చిపెట్టుకోండి. ఒంట్లో వేడి ఆవిర్లు మామూలే. నెలసరి ఆగినాక రక్తం కనిపించినా, ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. సొంతంగా మాత్రం మానకండి.

ఈ రోజు ఇంట్లో ఆ రిపోర్టు తీసి, ఈఆర్ అన్న లైను ఒకసారి చదవండి. మళ్ళీ కలుద్దాం.